పాత కారు వినైల్ రూఫ్: ఉంచుకోవాలా, తీయించాలా, కొత్తది వేయించాలా?

అరవై, డెబ్బై దశకాల అమెరికన్ కార్లను ఇష్టపడి కొనుక్కునేవారికి ఇంజన్ గురించీ గేర్‌బాక్స్ గురించీ సలహా చెప్పేవారు చాలామంది దొరుకుతారు. పైకప్పు మీద అతికించి ఉన్న వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) పొరను ఏం చేయాలన్న ప్రశ్న వచ్చేసరికి మాత్రం రెండే సమాధానాలు వినిపిస్తాయి. ఒకరు వెంటనే పీకించేయమంటారు, మరొకరు దాని జోలికే పోవద్దంటారు. రెండూ కారును చూడకుండా చెప్పే మాటలే. ఆ పొర కింద రేకు ఏ స్థితిలో ఉంది, కారు ఫ్యాక్టరీ నుంచి వినైల్‌తోనే వచ్చిందా, పైకప్పును మోసే వెనుక స్తంభాల (పిల్లర్ల) దగ్గర రేకుల అతుకును ఫ్యాక్టరీలో ఎంతవరకు నున్నగా తీర్చారు అన్న మూడు సంగతులు తేలిన తరువాతే ఈ నిర్ణయానికి అర్థం ఉంటుంది. అందంగా ఉందా లేదా అన్న చర్చ ఆ తరువాతిది.

1950 నాటి ఫోర్డ్ క్రెస్ట్‌లైనర్ మీదే వినైల్ కప్పు కనిపించినా, 1962లో ఫోర్డ్ థండర్‌బర్డ్ లాండౌ వచ్చాక అది ఫ్యాషన్‌గా మారింది. పైకప్పు మడిచే కన్వర్టిబుల్ అందాన్ని గట్టి రేకు పైకప్పు ఉన్న కారుకు తక్కువ ఖర్చుతో తెచ్చిపెట్టే ఉపాయం అది. కొనేవారికి దర్జా, అమ్మేవారికి మంచి లాభం దక్కడంతో, డెబ్బై దశకం నాటికి మధ్యతరగతి కుటుంబపు కారు మొదలుకొని లింకన్ వంటి విలాస కారు వరకు అన్నిటిమీదా అది వ్యాపించింది. వీటిలో పైకప్పు మొత్తాన్ని కప్పేవి కొన్ని, అద్దాల చుట్టూ సన్నగా రంగు అంచు వదిలి మధ్యలో మాత్రమే ఉండేవి కొన్ని, వెనుక సగానికే పరిమితమైన లాండౌ తరహావి కొన్ని. మన నిర్ణయానికి ఈ తేడా కొంత అవసరమవుతుంది, ఎందుకంటే సగం కప్పే తరహా పొరల కింద తరచుగా స్పాంజి లాంటి మెత్త కూడా ఉంటుంది, అది నీటిని పీల్చుకుని ఎంతకాలమైనా వదలదు.

పొర కింద జరిగేది

వినైల్ రూఫ్ అంటే గుడ్డ మీద పూసిన పీవీసీ పొర. దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల తరబడి ఎండ తగలగా ఆవిరైపోతుంది, అప్పుడు పొర గట్టిపడి, కుదించుకుపోయి, కుట్ల దగ్గర విచ్చుకుంటుంది. అద్దాల చుట్టూ ఉండే మెరుపు పట్టీల (మోల్డింగుల) కింది నుంచి అంచు బయటికి లాక్కుపోయి సన్నని సందు ఏర్పడుతుంది. ఆ సందులోంచి దిగిన నీరు గుడ్డలో ఇంకి రేకును అంటుకుని ఉండిపోతుంది. తుప్పుకు అసలు కారణం నీరే. వినైల్ చేసేదల్లా ఆ నీటిని ఆరనివ్వకపోవడం, పైగా లోపల జరుగుతున్నదాన్ని కంటికి కనపడనివ్వకపోవడం.

అన్నిటికన్నా ముందు దెబ్బతినేది వెనుక అద్దం చుట్టూ ఉండే గాడి, అందులోనూ దాని కింది రెండు మూలలు. మోల్డింగును పట్టి ఉంచే క్లిప్పుల కోసం అక్కడ రేకుకు చిన్న స్టడ్‌లు (మేకు తలల్లాంటివి) వెల్డ్ చేసి ఉంటాయి. ప్రతి స్టడ్ దగ్గరా పెయింట్ పలచగా ఉంటుంది, ఆకులూ దుమ్మూ చేరి గాడి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. తుప్పు అక్కడ మొదలై పైకప్పు వైపుకీ, కింద డిక్కీ వైపుకీ పాకుతుంది. పైకప్పు మధ్యలో రేకు బాగున్నదని తృప్తిపడిన కారులోనే డిక్కీలో స్టెప్నీ ఉంచే గుంటలో నీళ్లు నిలిచి ఉండడానికి కారణం ఇదే.

ఇంకొక సంగతి చాలామంది బాడీ షాపులో బిల్లు చూశాక గాని తెలుసుకోరు. పైకప్పు రేకు, వెనుక పక్క రేకు కలిసే అతుకు వెనుక పిల్లర్ మీద వస్తుంది. పైకప్పుకు రంగు వేసి అమ్మే కార్లలో ఆ అతుకును సీసం కలిసిన లోహంతో నింపి, ఆనవాలు లేకుండా నున్నగా తీర్చేవారు. వినైల్ వేయబోయే కార్లలో ఎలాగూ కప్పేస్తారు కనుక అదే అతుకును చాలా ఫ్యాక్టరీలలో పైపైనే తీర్చి వదిలేశారు. కొన్నిటి మీద రాపిడి రాయి గీతలు అలాగే ఉంటాయి, పెయింట్ పూత కూడా అరకొరగానే ఉంటుంది. కాబట్టి వినైల్‌తో పుట్టిన కారుకు దాన్ని తీయడమంటే, ఫ్యాక్టరీ చేయకుండా వదిలేసిన పనిని ఇప్పుడు మీ ఖర్చుతో పూర్తి చేయించడం అన్నమాట.

పొర విప్పకుండానే తెలుసుకోగలిగేది

ముందుగా చేత్తో నొక్కి చూడాలి. నొక్కితే అణిగిపోయే ఉబ్బు గాలిది, అంటే అక్కడ జిగురు వదిలింది. నొక్కినా అణగకుండా గట్టిగా తగిలే, వేలి కింద ఇసుకలా కరకరమనే ఉబ్బు తుప్పుది. రెండో రకం ఉబ్బు ఒక్కటి కనిపించినా దాని చుట్టూ కనీసం నాలుగింతల మేర రేకు పాడై ఉంటుందనుకుని లెక్క వేసుకోవడం క్షేమమని నా అభిప్రాయం.

తరువాత ఒక బలహీనమైన అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి పైకప్పు అంతటా జరిపి చూడాలి. కింద మెత్త లేని చోట వినైల్ పలచనిదే కనుక దాని మీదుగా కూడా రేకును పట్టుకుంటుంది. మందంగా పుట్టీ పెట్టిన చోట పట్టుకోదు. అయితే వెనుక పిల్లర్ మీది అతుకులో ఫ్యాక్టరీ సీసం ఉండే అవకాశం ఉంది, దానికీ అయస్కాంతం అంటదు. అందుచేత అక్కడ పట్టు లేకపోవడాన్ని వెంటనే దోషంగా ఎంచకుండా, ఎడమ పిల్లర్‌నూ కుడి పిల్లర్‌నూ పోల్చి చూడాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే అది ఫ్యాక్టరీ పని అయి ఉండవచ్చు, ఒక వైపే తేడాగా ఉంటే ఎప్పుడో మరమ్మతు జరిగిందని అనుమానించాలి.

డిక్కీలోకి తలపెట్టి, వెనుక అద్దానికీ డిక్కీ మూతకూ మధ్య ఉన్న ఇరుకు రేకు అడుగుభాగాన్ని టార్చి వేసి చూడాలి. వెనుక సీటు పైనున్న పలక మీద తడి మరకలు, లోపలి హెడ్‌లైనర్ (కప్పు కింది గుడ్డ) అంచుల్లో గోధుమ రంగు చారలు ఉంటే నీరు లోపలికి దారి చేసుకున్నట్టే. అమ్మేవారు ఒప్పుకుంటే వెనుక అద్దం కింది మోల్డింగును ఒక్కదాన్ని విప్పించి చూడడం మిగతా పరీక్షలన్నిటికన్నా ఎక్కువ చెబుతుంది. ఒప్పుకోకపోతే అది కూడా ఒక సమాధానమే.

కారు ఎక్కడ తిరిగిందో అడగడం మరువరాదు. అమెరికాలో ఉన్న మన తెలుగువారిలో డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఉన్నవారికి దొరికే కార్లకూ, డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, న్యూజెర్సీ వైపు దొరికే కార్లకూ ఈ విషయంలో పోలికే ఉండదు. అరిజోనా ఎండలో పెరిగిన కారుకు వినైల్ పూర్తిగా పగిలిపోయినా కింద రేకు గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రాల కారుకు పైన పొర నిగనిగలాడుతున్నా లోపల నమ్మకం లేదు. పైగా ఆ నిగనిగ ఇటీవల రంగు పూయడం వల్ల వచ్చిందా అన్నది కుట్ల సందుల్లో చూస్తే తెలుస్తుంది.

కాగితాలు, ప్లేట్లు ఏమంటున్నాయి

మీ కారు వినైల్‌తో పుట్టిందో లేదో రికార్డు చెప్పగలిగితే సగం చిక్కు విడిపోతుంది. షెవర్లే కార్లలో వినైల్ పైకప్పు ఆప్షన్ కోడ్ సి08. డాడ్జ్, ప్లిమత్ కార్ల ఇంజన్ గదిలో ఉండే ఫెండర్ ట్యాగ్ అనే చిన్న లోహపు పలక మీద వి1ఎక్స్ అని ఉంటే నల్ల వినైల్ పైకప్పు అని అర్థం. 1967 నుంచి వచ్చిన ఫోర్డ్, మెర్క్యురీ, లింకన్ కార్లకు మార్టీ రిపోర్ట్ (ఫోర్డ్ కంపెనీ రికార్డుల నుంచి తీసి ఇచ్చే పత్రం) తెప్పించుకుంటే ఆ కారును ఏ ఆప్షన్లతో ఆర్డరు చేశారో అందులో వివరంగా ఉంటుంది.

రికార్డులో లేని వినైల్ మీ కారు మీద ఉంటే అది డీలరు దగ్గరో ఆ తరువాతో వేసినదై ఉంటుంది. డెబ్బై దశకంలో ఇది మామూలే. అలాంటి కారుకు పొర తీయించడం సాధారణంగా తేలిక, ఎందుకంటే దాని పైకప్పును ఫ్యాక్టరీ రంగు కోసమే తీర్చింది, అతుకు నున్నగానే ఉంటుంది. మోల్డింగుల కోసం తరువాత తొలిచిన రంధ్రాలే అసలు తలనొప్పి. రంగు తెగిన ఆ రంధ్రాల అంచుల్లోనే తుప్పు మొదలై ఉంటుంది.

ఏ కారుకు ఏది

కొన్ని కార్ల విషయంలో చర్చకే తావు లేదు. 1970 డాడ్జ్ ఛాలెంజర్ ఎస్ఈకి మామూలు ఛాలెంజర్ కన్నా చిన్న వెనుక అద్దం ఉంటుంది. ఆ అద్దం చుట్టూ అదనంగా అమర్చిన భాగాన్ని పైకప్పులో కలిపేసేది వినైలే. అక్కడ పొర తీసేస్తే ఎస్ఈకి ఉన్న ప్రత్యేకతే పోతుంది, పైగా ఆ చేర్పును రేకులో కలిసిపోయేలా తీర్చడం పెద్ద పని. 1969లో ప్లిమత్ బారకుడా మీద వచ్చిన పూల డిజైను మాడ్ టాప్ పైకప్పు అరుదైనది. ఆ కారుకు విలువ వచ్చిందే ఆ పూల వల్ల కనుక, అది చిరిగి ఉన్నా తిరిగి వేయించడమే సబబు. లింకన్ కాంటినెంటల్ మార్క్ IV వంటి డెబ్బై దశకపు విలాస కార్లూ, ఎవర్‌ఫ్లెక్స్ అనే వినైల్ కప్పుతో వచ్చిన రోల్స్ రాయిస్ సిల్వర్ రైత్ IIలూ వినైల్ లేకుండా చూడడానికి వెలితిగా ఉంటాయి. ఇక శవవాహనాలు, సాగదీసిన లిమోజిన్ల వంటివాటిలో బాడీ కట్టినవారి అతుకులన్నీ ఆ పొర కిందే దాగి ఉంటాయి కాబట్టి వాటిని విప్పకపోవడమే మంచిది.

రెండో వైపున షెవెల్ ఎస్ఎస్, కమారో వంటి మజిల్ కార్లు, అంటే బలమైన ఇంజన్ ఉన్న వేగపు కార్లు, ఉన్నాయి. వీటిని కొనేవారిలో రంగు పైకప్పు కోరుకునేవారే ఎక్కువగా కనిపిస్తారు. కారు మొత్తానికీ ఎలాగూ రంగు వేయించబోతున్నప్పుడు, పైకప్పు మీద పొర పాడై ఉన్నప్పుడు తీసేయడం తెలివైన పనే. అయితే ఫ్యాక్టరీ స్థితికి మార్కులు వేసే పోటీల్లో నిలబెట్టాలనుకునేవారు ట్యాగ్ మీద వినైల్ అని ఉన్న కారుకు దాన్ని తీసేసి వెళ్తే మార్కులు పోగొట్టుకుంటారు. నాకు మటుకు, అసలు పెయింటు చెక్కుచెదరకుండా నిలిచిన కారుకు వినైల్ కొంచెం వెలిసి ఉన్నా ముట్టుకోకపోవడమే న్యాయమనిపిస్తుంది, ఎందుకంటే పైకప్పు కోసం మొదలుపెట్టిన పని పక్క రేకుల మీది అసలు రంగును కూడా తినేస్తుంది. అది ఎలాగో కింద వివరించాను.

తీయించే పని

పొర ఊడదీయడం ఒక పూట పని. హీట్ గన్‌తో వేడి చేస్తూ నెమ్మదిగా లాగితే చాలావరకు వచ్చేస్తుంది. మిగిలిపోయిన జిగురును దానికి తగిన ద్రావకంతో నానబెట్టి ప్లాస్టిక్ గరిటెతో గీకాలి. అసలు పని ఆ తరువాత మొదలవుతుంది, షాపువారు మొదట చెప్పే అంచనా మాత్రం తరచుగా ఇక్కడికే ఆగిపోయి ఉంటుంది.

ముందు, వెనుక అద్దాలు తీయకుండా చేసే పని సగం పనే, ఎందుకంటే తుప్పు ఉండేది వాటి గాడుల్లోనే. రేకును శుభ్రం చేయడానికి ఇసుకను గట్టిగా కొట్టే పద్ధతిని పైకప్పు మీద వాడనివ్వకూడదు. పైకప్పు రేకు ఒక మిల్లీమీటరు లోపు మందంతో, విశాలంగా, లోపల పెద్దగా ఆధారం లేకుండా ఉంటుంది, ఇసుక దెబ్బకు అలలు తేలి మళ్లీ చదును కాదు. రసాయనంతో గాని, ఓపికగా సాండింగ్‌తో గాని తీయించాలి. రంధ్రాలు మూసేటప్పుడు కూడా ఇదే భయం: ఒక చోటే వరుసగా వెల్డ్ చేసుకుపోతే వేడికి రేకు వంగుతుంది, కాబట్టి ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క దూరంగా వేస్తూ మధ్యలో చల్లారనివ్వాలి. తుప్పు మరీ ముదిరి ఉంటే మస్టాంగ్, కమారో, ఛార్జర్ వంటి కార్లకు కొత్త పైకప్పు రేకులు దొరుకుతాయి గాని, దొరికినంత మాత్రాన పని చిన్నది కాదు.

పిల్లర్ అతుకులో సీసం ఉంటే దాన్ని గ్రైండర్‌తో రాపిడి పెట్టినప్పుడు లేచే దుమ్ము విషం. ఇంటి గ్యారేజీలో, పిల్లలు తిరిగే చోట ఆ పని తలపెట్టవద్దు. సీసం పైన పుట్టీ పెట్టాల్సి వస్తే సీసం అతికేటప్పుడు వాడగా మిగిలిన ఆమ్లాన్ని పూర్తిగా కడిగి తీరాలి, లేకపోతే ఏడాది తిరగకముందే రంగు కింద బుడగలు లేస్తాయి.

ఇప్పుడు అసలు రంగు సంగతి. చాలా హార్డ్‌టాప్ (గట్టి రేకు కప్పు) కార్లలో పైకప్పు, వెనుక పిల్లర్, పక్క రేకు అతుకు తెలియకుండా ఒకే పలకలా కలిసిపోయి ఉంటాయి, మధ్యలో ఆగడానికి ఒక గీత గాని అంచు గాని ఉండదు. వినైల్ ఉన్నంత కాలం దాని మోల్డింగే ఆ గీత. దాన్ని తీసేశాక పైకప్పుకు వేసిన కొత్త రంగు ఎక్కడో ఒకచోట పాత రంగులో కలవాలి, యాభై ఏళ్లు ఎండలో ఉన్న రంగుతో, ముఖ్యంగా మెటాలిక్ రంగుతో, కొత్త రంగు కలవడం అరుదు. ఫలితంగా పైకప్పు వరకే అనుకున్న పని రెండు పక్క రేకులకూ, అక్కడి నుంచి తలుపులకూ దిగుతుంది. కారు మొత్తానికి రంగు వేయించే ఉద్దేశం, అందుకు తగిన డబ్బు లేనివారు వినైల్ తీయించే ఆలోచన మానుకోవడమే మంచిదని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పొర తీసి, ప్రైమర్ కొట్టి, డబ్బు సమకూరాక రంగు వేయిద్దామని ఆపేసిన కార్లు కొన్ని అమ్మకానికి వస్తుంటాయి. వాటి పట్ల జాగ్రత్త. సాధారణ పుట్టీ ప్రైమర్ తేమను పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు మళ్లీ మొదలై ఉంటుంది. ఆపక తప్పదనుకుంటే నేరుగా రేకు మీద తేమను అడ్డుకునే ఎపాక్సీ ప్రైమర్ వేయించి, కారును లోపల ఉంచాలి.

కొత్తది వేయించే పని

కింద రేకు బాగుచేయడం ఇక్కడా తప్పదు, తప్పించుకునే పని ఒక్కటే: అతుకును అద్దంలా తీర్చి, కారంతటికీ రంగు కలపడం. ఖర్చులో పెద్ద తేడా వచ్చేది అక్కడే. అలాగని ముతకగా వదిలేస్తే కుదరదు, వినైల్ కింద చిన్న ఇసుక రేణువు కూడా పైకి తేలి కనిపిస్తుంది. ఎపాక్సీ ప్రైమర్ మీద పూర్తి పెయింట్, అద్దాల గాడుల లోపలి అంచు వరకు, వినైల్ అతికించక ముందే వేసి ఆరనిచ్చి ఉండాలి. ఫ్యాక్టరీ చేయని ఈ ఒక్క పనే కొత్త పొరకు పాతదాని కన్నా ఎక్కువ ఆయుష్షు ఇస్తుంది.

మీ మోడలుకు సరిపోయేలా కత్తిరించి, కుట్లు సరైన చోట వేసిన కవర్లు దొరుకుతాయి. కొనేటప్పుడు రంగుతో పాటు పైన ఉండే గీరుల నమూనా కూడా పాతదానితో సరిపోతుందో లేదో చూడాలి. ఒకే కంపెనీ వేర్వేరు సంవత్సరాల్లో వేర్వేరు నమూనాలు వాడింది. అతికించే రోజు ఉష్ణోగ్రత 21 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గకూడదు. కవరును కొంతసేపు ఎండలో పరిచి మెత్తబడనిచ్చి, పైకప్పుకూ కవరుకూ మధ్యగీత గుర్తుపెట్టుకుని, సగం సగంగా మధ్య నుంచి అంచులకు అతికించుకుంటూ రావాలి. జిగురు అధిక వేడికి తట్టుకునే రకమే కావాలి. మామూలు స్ప్రే డబ్బా జిగురు మొదటి వేసవిలోనే లేచిపోతుంది. చేయి తిరగనివారు సాధారణంగా చేసే తప్పు ముడతలు పోగొట్టడానికి పొరను అతిగా సాగదీయడం. సాగిన వినైల్ నెలల తరువాత తిరిగి కుదించుకుని, వెనుక అద్దం అంచు దగ్గర నీటికి మళ్లీ అదే దారి తెరుస్తుంది.

ఉన్నది ఉన్నట్టే ఉంచుకునేవారికి

రేకు గట్టిగా ఉందని తేలి, పొర పగలకుండా ఉంటే ఇదే అన్నిటికన్నా చవకైన దారి. తేలికపాటి సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. మెరుపు కోసం అమ్మే జిడ్డు సిలికాన్ ద్రావకాలను వాడకండి. అవి రేకు మీదికి దిగితే భవిష్యత్తులో వేసే రంగు ఎక్కడికక్కడ గుంటలు పడి విడిపోతుంది, జిగురు కూడా పట్టదు. విచ్చుకుంటున్న కుట్లకు పారదర్శకమైన వినైల్ సీలర్ పూయవచ్చు, గాలి ఉబ్బులను సూదితో జిగురు ఎక్కించి అణచవచ్చు. వెలిసిన పొరకు వినైల్ కోసమే చేసిన రంగు వేయవచ్చు గాని, దాన్ని తుప్పు ఉబ్బుల మీద వేసి అమ్మకానికి పెట్టడం మోసం. కారు కవరు వాడేవారు గాలి ఆడే గుడ్డ కవరే వాడాలి. ఏడాదికోసారి వెనుక అద్దం కింది మోల్డింగు చుట్టూ చేరిన చెత్తను మెత్తటి బ్రష్షుతో తీసేసి, గాడి ఆరిందని చూసుకోవాలి.

తీయించినా, కొత్తది వేయించినా, రేకు బయటపడిన రోజున షాపుకు స్వయంగా వెళ్లి అద్దాల గాడులు, పిల్లర్ అతుకులు, ప్రతి రంధ్రం కనిపించేలా ఫోటోలు తీసుకోండి. రంగు కిందికో వినైల్ కిందికో వెళ్లిన పనికి తరువాత మరే సాక్ష్యమూ ఉండదు, కారు అమ్మేనాడు ఆ ఫోటోలే మీ మాటకు విలువ తెస్తాయి. పాత పొరనూ దాని మోల్డింగులనూ క్లిప్పులనూ కొత్తవి చేతికి వచ్చి, కారు మీద సరిపోయాయని తేలేదాకా పారేయవద్దని షాపువారికి ముందే రాతపూర్వకంగా చెప్పండి. కొన్ని మోడళ్ల వెనుక పిల్లర్ మోల్డింగులు కొత్తవి తయారవడం లేదు, పాతవే మెరుగు పెట్టించి వాడుకోవాలి.